వంటింటి నల్లాకు బొట్టు పెట్టాక

ఒట్టు పెట్టమంటే పెడతాను... కానీ మా పాప మీద మాత్రం పెట్టను. ఈ సంగతంతా ఆ పాప చుట్టూ తిరిగేదే కాబట్టి. చెప్పబోయేది మాత్రం జరిగింది. నా చెవులతో విన్నాను, నా కళ్ళతో చూశాను. నవ్వుకుంటే నవ్వుకోండి. మొదట్లో నేనూ బాగానే నవ్వాను.

మాది మామిడిపల్లి దగ్గర కొత్త కాలనీ. నేను శంషాబాద్‌లో ఒక హోటల్లో పనిచేస్తాను. విమానాలు మా డాబా మీద నుంచే దిగుతుంటాయి, ఆ మోత మాకు లెక్కలోకే రాదు. నీళ్ళకు బోరు ఉంది. బోరు నీళ్ళు డాబా మీది ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు పక్కన చిన్న ప్రెషర్ మోటారు. కింద ఎవరైనా నల్లా తిప్పితే దానంతట అది మొదలవుతుంది, కట్టేస్తే ఆగిపోతుంది. అంతే దాని పని.

మా ఆవిడ జ్యోతికి ఆడపిల్ల పుట్టింది. ప్రయాణాలు వద్దని డాక్టరమ్మ చెప్పడంతో మా అత్తమ్మే ఇక్కడికి వచ్చి పురుడు పోసింది. ఇరవై ఒకటో రోజున బావి పూజ చేయించాలంది. బాలింత బావికి పసుపు కుంకుమలు పెట్టి, చెంబుడు నీళ్ళు తోడి తెచ్చుకున్నాకే మళ్ళీ ఇంటి పనుల్లో చెయ్యి పెట్టాలట. కాలనీలో బావి ఎక్కడిది? ఇప్పుడు అందరూ చేస్తున్నట్టే వంటింటి నల్లాకు పసుపు రాసి, బొట్లు పెట్టించి, దాని కింద చెంబు నింపించింది.

"ఏంది అత్తమ్మా, గంగమ్మ తల్లి స్టీలు నల్లాలకు కిరాయికి వచ్చిందా?" అన్నాను. అత్తమ్మ నా వంక కొరకొరా చూసింది.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది.

నల్లాలన్నీ కట్టేసి ఉన్నా... పైన మోటారు గుర్ర్‌మంటుంది. కాసేపు తిరుగుతుంది. టక్... ఆగుతుంది. మళ్ళీ గుర్ర్... పాపకు స్నానం పోసే వేళకు నీళ్ళు దారంలా సన్నగా వస్తాయి. ప్లంబరు వచ్చి స్విచ్చు మార్చాడు, లాభం లేదు. జ్యోతికి నిద్ర కరువైంది. మోటారు మోగినప్పుడల్లా ఉలిక్కిపడి పాపను ఒళ్ళోకి తీసుకునేది. ఒకరోజు రాత్రి అన్నాలు తింటుంటే చెప్పేసింది.

"బావా, ఇయ్యాల గూడ గది గట్లనే మోగితే, పొద్దుగాల బిడ్డను తీస్కొని అమ్మతోని పోత. ఇగ ఈ ఇంట్ల నేనుండ."

ఇష్టపడి కట్టుకున్న ఇల్లు. డ్యూటీ నుంచి వచ్చేసరికి పాప లేకపోతే... ఊహకే భయం వేసింది. చెయ్యి కడుక్కుని, ఫోన్ లైటు వేసుకుని డాబా ఎక్కాను.

మోటారు నుంచి మూడు పైపులు కిందికి దిగుతాయి. ఒకటి వంటింటికి, ఒకటి బాత్రూములకు, ఒకటి ముందు వాకిట్లోకి. ఒక్కో వాల్వు కట్టేసుకుంటూ పోతే లీకు ఏ పైపులో ఉందో తెలిసిపోతుంది. వంటింటిది కట్టాను... మోటారు మోగింది. బాత్రూములది కట్టాను... మోగింది. వాకిలిది కట్టాను. చూశాను... ఇంకాసేపు చూశాను... చప్పుడు లేదు. దొరికావురా దొంగా అనుకున్నాను. ప్రాణం లేచి వచ్చింది.

వాల్వు తెరిచేందుకు పైన ఒకరుండాలి, కారేది ఎక్కడో చూడడానికి కింద ఒకరుండాలి. వెనకింటి యాదయ్య తాతను పిలిచాను. ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ళ పొలమే. గట్టి మనిషి, చకచకా మెట్లెక్కేశాడు. నేను చెప్పినప్పుడు వాల్వు తెరవమని చెప్పి కిందికి దిగాను.

వాకిలి పైపు కాంపౌండు గోడ మూల దాకా వెళ్ళి అక్కడ నల్లాతో ఆగుతుంది. నల్లా పొడిగా ఉంది. కింద మట్టీ పొడిగానే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని పైపుకు చెవి ఆనించాను.

మొదట ఏమీ లేదు.

తరువాత... కీచ్... కీచ్... గిలక తిరుగుతున్న చప్పుడు. తాడు జారుతున్నట్టు... కిందికి, ఇంకా కిందికి. బాగా లోతున... డుబుక్. కాస్త నిశ్శబ్దం. మళ్ళీ కీచ్... కీచ్... ఈసారి బరువుగా, పైకి. తాత చెప్పకముందే వాల్వు తెరిచేసినట్టున్నాడు, నీళ్ళు పారుతుంటే పైపులో గాలి ఇలా కూడా మోగుతుందేమో అనుకున్నాను. అంతలో డాబా మీంచి తాత కేక.

"ఏంది బిడ్డా, వాల్వు ఇప్పమంటవా, వద్దా? ఎంతసేపు నిలబడాలె?"

అంటే... ఇంకా తెరవనే లేదు. మోటారు తిరగడం లేదు. పైపులో చుక్క కదలడం లేదు. మరి తోడుతున్నది ఎవరు? బొక్కెన పైకి వస్తోంది... దగ్గరకు... ఇంకా దగ్గరకు... గట్టు మీద ఆనిన చప్పుడు. ఆగింది.

నా వెనక మెట్టెల చప్పుడైంది. తిరిగి చూస్తే జ్యోతి. చేతుల్లో పసుపు గిన్నె, ఖాళీ చెంబు. నా వైపు చూడనైనా లేదు. గోడ మూలన వంగి మట్టికి పసుపు పెట్టింది, బొట్లు పెట్టింది.

"జ్యోతీ... గిక్కడెందుకే?"

"పిలుస్తున్నది గదా బావా. నీకినబడ్తలేదా?"

చెంబును ఆ మట్టి మీద పెట్టి కాసేపు ఆగింది. తరువాత రెండు చేతులతో ఎత్తింది. ఖాళీ చెంబును ఎవరూ అలా మోయరు... అడుగులో అడుగు వేసుకుంటూ, తొణక్కుండా ఇంట్లోకి పట్టుకెళ్ళింది. నేను అందులోకి తొంగి చూడలేదు.

తాత దిగి వచ్చి ఆ పసుపు చూసి అక్కడే కూలబడ్డాడు.

"బిడ్డా, గిది మా బాయి ఉన్న జాగ. ప్లాట్లు చేసినప్పుడు మేమే పూడ్పించినం. మా ఇంట్ల బాలింతలందరు గీడనే మొక్కేటోళ్ళు. ఆ పిల్లకెవరు చెప్పిన్రు?"

నేను చెప్పలేదు. నాకే తెలియదు. అత్తమ్మకూ తెలియదు.

ఆ రాత్రి తరువాత మోటారు దానంతట అది మోగలేదు. ప్లంబరు వాకిలి పైపు మొత్తం తవ్వి చూశాడు, ఎక్కడా చిన్న చీలిక కూడా లేదు. గాలి చేరి ఉంటుందన్నాడు. కావచ్చు. బావి సంగతి ఎప్పుడో ఎవరి నోటనో జ్యోతి విని ఉండవచ్చు. ఇలా నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఒక్కటీ సరిగ్గా అతకలేదు.

నీళ్ళు ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తున్నాయి. జ్యోతి పుట్టింటి మాట ఎత్తడం లేదు. నేను కోరుకున్నదీ అదే కదా... కానీ అత్తమ్మ ఊరెళ్తూ నాలుగు రోజులు రమ్మని ఎంత బతిమాలినా కదల్లేదు. పోయిన వారం నేనే అడిగాను, ఈ ఇల్లు కిరాయికిచ్చి బడంగ్‌పేట్‌లో ఎక్కడైనా ఉందామా అని. పాపకు స్నానం పోస్తూ, తల ఎత్తకుండానే అంది.

"నువ్వు పో బావా. నన్ను, బిడ్డను మాత్రం పోవద్దంటున్నది."

ఎవరని అడగాలి కదా. ఇప్పటికీ అడగలేదు.