కలే కొమ్మకు పాలు

గరిడేపల్లి దాటాక వచ్చే కాలువకట్టను రోడ్డు కోసం వెడల్పు చేస్తారని తెలిసిన రోజు మా అమ్మ అన్నం ముట్టలేదు. నాకంటే ముందు పుట్టి, నెల తిరగకుండానే పోయిన మా అక్కను ఆ కట్ట మీదే ఒక కలేపొద పక్కన పాతిపెట్టారు. రాయి పెట్టలేదు. ఎండాకాలం ఊరంతా కలేపండ్లు తెంపుకుని తిన్నా, ఆ ఒక్క పొదను మా ఇంటివాళ్లు ముట్టేవారు కాదట. అదే గుర్తు. నాకు ఊహ తెలియకముందే మేము సూర్యాపేట చేరాం. ఆ పొదను నేను చూసింది లేదు.

మట్టి తవ్వే మిషన్ రాకముందే ఆ చోటు వెతికిపెట్టమని, పిడికెడు మన్ను తెచ్చుకుంటానని అమ్మ నన్ను అడిగింది.

నేను కొలతల లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. పొలాల గట్లు తేల్చడానికి మిర్యాలగూడ వైపు నుంచి కూడా పిలుస్తారు. తూము నుంచి ఎన్ని బారలో అమ్మ చెప్పింది. టేపు పట్టి కొలిస్తే ఆ చోటు కాలువ నీళ్లలోకి వచ్చింది. పాత తూము తీసేసి, కొత్తది ఇంకో దగ్గర కట్టారని తర్వాత తెలిసింది.

మాతో వచ్చిన మేనత్త ఊరుకోలేదు. "అందరి గట్లు కొలుస్తవు గదా అల్లుడా, నీ అక్కనే దొర్కవట్టకపోతివి."

కట్ట మీద మూడు పొదలే మిగిలాయి. కాయల కాలం కాదు. మూడింటికీ ముళ్లు, ఎదురెదురు ఆకులు, ఆకుల మీద లారీల దుమ్ము. కలే ఏదో, బలుసు ఏదో నాకు తేలలేదు.

అమ్మ గట్టు మీద కూర్చునే చెప్పింది. "కొమ్మ ఇరిసి సూడు కొడుకా. పాలు గారితె కలే, లేకుంటె బలుసు."

రెండు పొదల్లో పచ్చి పుల్ల విరిగిందంతే. మూడోదానికి తెల్లగా పాలు బొట్టు కట్టి, నా వేళ్లకు జిగటగా అంటుకున్నాయి. ఎప్పుడో నరికిన ముదురు మొద్దు చుట్టూ మళ్లీ చిగిర్చిన పొద అది. అమ్మ ఆ మొద్దును తడిమి, "గిదే" అని కొంగున మన్ను కట్టుకుంది. ఏడవలేదు. రోడ్డు కోసం పోసిన సున్నపు గీత పొద నడుమ నుంచే పోతోంది.

వారం తర్వాత వెళ్తే పొద లేదు, ఆ చోటూ లేదు. అమ్మకు చెప్పాను. ఒక్కటే అడిగింది.

"ఆ మన్ను యాడ వోసిండ్రు?"

కోదాడ వెళ్లే రోడ్డు పక్క పల్లంలో పోశామని లారీ డ్రైవర్ చెప్పాడు. వానలు పడ్డాక అక్కడ ఏవేవో మొక్కలు లేచాయి. ఆ దారిన పోయినప్పుడల్లా బండి ఆపి, ముళ్లున్న ప్రతిదాన్నీ విరిచి చూస్తున్నాను. ఇంతవరకూ దేనికీ పాలు కారలేదు.

 ఇంటికొచ్చాక అమ్మ నా వేళ్ల వంక చూసి తల తిప్పుకుంటుంది.