స్విమ్మింగ్ పూల్ కింద నా పౌరసత్వం

ఆ రోజుల్లో ఎవరి భయాలు వాళ్లకుండేవి. మా క్లాసులో కొందరు దయ్యాలకు భయపడేవారు, కొందరు లెక్కల సార్‌కు భయపడేవారు, చేవెళ్ల బస్టాండ్ వెనక తిరిగే ఓ కుంటికుక్కకైతే అందరం భయపడేవాళ్లం. ఇవన్నీ మర్యాదైన భయాలు. ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, చెప్పుకుంటే సగం తగ్గుతాయి. నేను మాత్రం ఆరో తరగతిలో ఉండగా ఏకంగా భారత ప్రభుత్వానికి భయపడ్డాను. ఇప్పుడు ఇలా నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు నిజంగా అన్నం ముద్ద గొంతు దిగలేదు. (అవ్వ పప్పులో నెయ్యి వేసినా దిగలేదంటే చూసుకోండి.)

సంగతేమిటంటే, నేను పుట్టింది మస్కట్‌లో. అమ్మ అక్కడ ఒక దవాఖానలో నర్సు, నాన్న ఓ కంపెనీలో డ్రైవర్. నాకు రెండేళ్లు నిండకముందే నాన్న కంపెనీ మారాల్సి వచ్చింది. దాంతో కుటుంబాన్ని వెంట ఉంచుకునే వీసా పోయింది. అమ్మ ఒక హాస్టల్లో, నాన్న ఒక క్యాంపులో సర్దుకొని, నన్ను తెచ్చి చేవెళ్లలో మా అవ్వ (అమ్మ వాళ్ల అమ్మ) ఒళ్లో పెట్టి వెళ్లారు. ఆ ఇంట్లోనే మామ, అత్త, వాళ్ల కొడుకు ఉండేవారు. వరసకు బావ అయినా వాడిది నా ఈడే, నా క్లాసే. ఊరంతా వాణ్ని రేడియో అనేవారు, ఎందుకంటే వాడికి ఆపే మీట ఎక్కడుందో కన్నతల్లికి కూడా తెలియదు. నన్నేమో అందరూ మస్కట్ అని పిలిచేవారు. ఆ పిలుపు నాకు గొప్పగానే ఉండేది, సోషల్ సార్ ఆ పాఠం మొదలుపెట్టేదాకా.

పుస్తకంలో పౌరసత్వం గురించి ఉన్నది రెండు మూడు ముక్కలే. మా సోషల్ సార్‌కు అది చాలలేదు. ఆయన బోర్డు మీద "పౌరసత్వం ఎలా వస్తుంది?" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఒకటి అంకె వేసి, దాని పక్కన "పుట్టుకతో" అని రాశారు. "ఈ దేశంల పుట్టినోళ్లు ఈ దేశ పౌరులు. దీనికి కొన్ని షరతులున్నయ్, అవి తర్వాత చెప్త," అంటూ రెండు అంకె వేశారు. సరిగ్గా అప్పుడు గంట కొట్టారు. ఆయన సుద్దముక్క జేబులో వేసుకొని వెళ్లిపోయారు. మర్నాటి నుంచి ఆయన సెలవు, ఎవరో మేనకోడలి పెళ్లట. బోర్డు మీద రెండు అంకె ఒంటరిగా మిగిలిపోయింది. దాని పక్కన ఏముండాలో తెలిసిన మనిషి పెళ్లిభోజనం చేస్తున్నారు.

ఇంటికి పోయే దారిలోనే రేడియో అందుకున్నాడు.

"ఓ మస్కట్! నువ్వు ఇండియాదానివి గాదంట గదా!"

"ఎవలన్నరు?"

"సారే అన్నడు గదనే. ఈడ పుట్టినోళ్లే ఈడోళ్లు. నువ్వు ఆడ పుట్టినవ్. నీకు వీసా ఉన్నదా?"

"లేదు," అన్నాను. నిజంగానే లేదు మరి.

"అమ్మో! ఇన్నేండ్ల సంది వీసా లేకుండనే ఉంటున్నవా? కల్లివల్లి అయినవ్ పో!" (కాగితాలు లేకుండా గల్ఫ్‌లో దాక్కొని పనిచేసేవాళ్లను మా వైపు అలా అంటారు. గల్ఫ్‌లో కాకుండా చేవెళ్లలో కల్లివల్లి అయిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను.) "పోలీసులు వస్తరు. పట్టుకపోయి ఇమానం ఎక్కిస్తరు. ఒక్కదాన్నే!"

ఆ "ఒక్కదాన్నే" దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. అమ్మానాన్నలున్న ఊరే కదా, భయమెందుకని మీరు అడగొచ్చు. అప్పటికి నాకు అమ్మంటే శుక్రవారం పూట ఫోన్లో వినపడే గొంతు, రెండేళ్లకోసారి పెట్టెలోంచి వచ్చే సెంటు వాసన. అవ్వంటే నిద్రలో నా మీద వేసి ఉంచే చెయ్యి. ఆ చెయ్యి లేకుండా నిద్రపోవడం ఎట్లాగో నాకు తెలియదు. అంతే నా భయం, ఇంకేమీ లేదు.

మర్నాడు స్కూల్లో జనగణమన దగ్గర పెద్ద చిక్కొచ్చింది. వేరే దేశందాన్ని, పాడితే కేసవుతుందేమో. పాడకపోతే నేను ఇక్కడిదాన్ని కానని అందరికీ తెలిసిపోతుంది. చివరికి గొంతు తియ్యకుండా పెదాలు మాత్రం ఆడించాను. ఖాకీ బట్టలు ఎవరు వేసుకున్నా గోడ వెనక్కి పోయేదాన్ని. ఒకసారి బస్సు కండక్టర్‌ను చూసి కూడా పోయాను. పోస్ట్‌మన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అవ్వ ఊరుకుంటుందా! అన్నం ఎందుకు తినడం లేదో కూర్చోబెట్టి అడిగితే ఏడుస్తూ అంతా చెప్పేశాను. "గదేం లెక్కనే? మన కంచంల తిని మన ఇంట్ల పెరిగినదాన్ని ఎవడు పంపేది? కాళ్లిరగ్గొడ్త," అంది. కానీ ఆమె మొహంలోనూ రంగు మారింది. మామను అడగొచ్చు గానీ, ఆయన పని మీద పట్నం పోయి ఉన్నాడు. అవ్వకు అంతకన్నా పెద్ద దిక్కు చర్చి. ఆదివారం ఆరాధన చివర అయ్యగారు "ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పండి," అన్నారు. మామూలుగా ఒకరు మోకాళ్ల నొప్పులు చెప్పుకునేవారు, ఒకరు బోరులో నీళ్లు పడాలనేవారు, ఒకరు కొడుకు ఇంటర్ పాస్ కావాలనేవారు. మా అవ్వ కొంగు నెత్తిన సర్దుకొని లేచి నిలబడింది.

"అయ్యగారూ, నా మనుమరాలిని గవర్మెంటోళ్లు మస్కట్‌కు పంపిస్తున్నరంట. ఎట్లన్న ఆగిపోవాలె. జర గట్టిగ ప్రార్థన చెయ్యుర్రి."

అప్పటిదాకా సంగతి రేడియోకు, నాకు, అవ్వకు మాత్రమే తెలుసు. ఒక్క మాటతో చర్చి మొత్తానికి తెలిసిపోయింది. ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ నా వైపు తిరిగారు. అయ్యగారికి ఏమీ అర్థమైనట్టు లేదు గానీ పాపం, కళ్లు మూసుకొని అధికారుల మనసులు మెత్తబడాలని చాలాసేపు ప్రార్థించారు. "ఆమేన్" అన్నవాళ్లలో అందరికన్నా పెద్ద గొంతు రేడియోది.

బయటికి రాగానే ఆడవాళ్లు చుట్టూ మూగారు. వాళ్లలో ఒక పెద్దమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పుట్టింది యాడైతేందే? బొడ్డు యాడ పాతిన్రు? గది చెప్పు ముందుగాల," అంది. మా వైపు పసిపిల్ల బొడ్డు ఊడితే పారెయ్యరు, సొంత జాగాలో పాతిపెడతారు. ఎవరన్నా ఊరి మీద హక్కు మాట్లాడితే "నా బొడ్డు ఈడనే పాతిన్రు" అంటారు, దానికి తిరుగులేదు. ఆ మాటతో అవ్వ మొహం వెలిగిపోయింది. మస్కట్‌లో ఊడిన నా బొడ్డును అమ్మ దూదిలో చుట్టి, రేకు పౌడర్ డబ్బాలో పెట్టి, విమానంలో ఎంకపల్లి దాకా తెచ్చిందట. అక్కడ మాకున్న చేనులో సీతాఫలం చెట్టు కింద అవ్వ స్వయంగా డబ్బాతో సహా పాతిపెట్టిందట.

"డబ్బా ఆన్నే ఉంటది, యాడికి పోతది? తవ్వుకొచ్చి పోలీసోళ్ల ముంగట పెడ్త. అప్పుడేమంటరో చూస్త," అంది. ఆ చేను అమ్మేసి అప్పటికే ఏళ్లయిందన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా అవ్వ ఆగేది కాదు. మర్నాడే చీరలో కలుపుతీసే కుర్పీ చుట్టి సంచిలో పెట్టుకొని నన్ను బస్సెక్కించింది. మొయినాబాద్‌లో పోలీస్ స్టేషన్ రోడ్డు మీదే ఉంటుంది. అది దాటేదాకా అవ్వ కొంగు కింద తల పెట్టుకొని కూర్చున్నాను. పక్కసీటు ఆమె "పిల్లకు జరమా?" అని అడిగింది.

ఎంకపల్లిలో మా చేనుకు పెద్ద ప్రహరీ, ఇనుప గేటు వచ్చి ఉన్నాయి. లోపల ఫామ్‌హౌస్. గేటు సగం తెరిచి ఉంది, అవ్వ తన చేనులోకి పోయినట్టే పోయింది. సీతాఫలం చెట్టు లేదు. అది ఉండాల్సిన చోట నీలం పలకలు పరిచిన పెద్ద తొట్టి, దాని నిండా నీళ్లు. నేను స్విమ్మింగ్ పూల్ చూడడం అదే మొదటిసారి. అవ్వ "అయ్యో, పిల్ల బొడ్డు మునిగిపాయెనే!" అని నెత్తిన చేతులు పెట్టుకుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఉన్న ఒక్క సాక్ష్యం అన్ని నీళ్ల కింద ఉంటే ఎవరికి చూపిస్తాం? కానీ మా అవ్వ అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదు. డబ్బా పక్కకేమైనా జరిగి ఉండొచ్చని, కుర్పీ తీసి, పూల్ అంచున పచ్చగడ్డిలో కూర్చొని తవ్వడం మొదలుపెట్టింది.

హిందీ మాట్లాడే వాచ్‌మన్ ఒకతను పరుగున వచ్చాడు. "ఏ అమ్మా! క్యా కర్‌రే?"

అవ్వ తనకొచ్చిన ఉర్దూ అంతా బయటికి తీసింది. "ఇస్కా బొడ్డు ఇదర్ హై భయ్యా. ఇదర్ హమారా జమీన్. ఇస్కా ఇండియా ఇదర్ హై!"

అతనికి అందులో "హమారా జమీన్" ఒక్కటే అర్థమైంది. ఆ చుట్టుపక్కల భూములకు ధరలు పెరిగాక, అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి పేచీ పెట్టడం మామూలే. వెంటనే ఓనర్‌కు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టాడు. అటునుంచి అరుపు: "అమ్ముకున్నంక మళ్ల వచ్చిన్రా? ఎవ్వలిని కదలనియ్యకు. పోలీసులను తోలిస్తున్న!"

పోలీసులనే మాట విన్నాక నాకేమైందో నాకే తెలియదు. అవ్వకు అడ్డంగా నిలబడి, ఆ ఫోన్ వైపు చూసి గొంతు చించుకున్నాను.

"నేను పోతా! మస్కట్‌కు పోతా! ఇప్పుడే పోతా! మా అవ్వను పట్టుకపోకుర్రి! మా అవ్వ ఇండియాదే, ఈడనే పుట్టింది!"

ఫోన్లో అరుపు ఆగింది. ఆ గొంతే మెల్లగా, "ఎవలా పిల్ల? మస్కట్ ఏంది?" అంది. అవ్వ ఫోన్ లాక్కొని సోషల్ సార్ దగ్గర మొదలుపెట్టి, చర్చి మీదుగా, పౌడర్ డబ్బా దాకా మొత్తం చెప్పింది. ఆయన మర్యాదగా చివరిదాకా విన్నాడు. తర్వాత నవ్వాడు చూడండి, ఫోన్ గరగరలాడింది. "అవ్వా, పిల్లకు నీళ్లు తాగిపియ్యి. ఎవ్వలు ఎవ్వలినీ యాడికీ పంపరు. జామపండ్లున్నయ్, తెంపుకొని పోర్రి," అన్నాడు. జామపండ్లు తెచ్చుకున్నాం గానీ, ఎందుకు పంపరో ఆయన చెప్పలేదు. ఏడ్చే పిల్లలతో పెద్దవాళ్లు అలాగే అంటారని నాకు తెలుసు. అందుకని ఆ రాత్రి కూడా అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకొనే పడుకున్నాను.

శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది. అవ్వ నవ్వుకుంటూ కథంతా చెప్పి, "నేను మస్కట్‌కు పోతా అని ఒకటే ఏడుపు నీ బిడ్డ," అని ఫోన్ నాకిచ్చింది.

"ఈడికి వస్త అన్నవంట బిడ్డా, నిజమేనా?" అంది అమ్మ. ఆ గొంతులో నవ్వు లేదు.

"అవ్వను పట్టుకపోతరని అన్న. నేను రాను. అమ్మా, నన్ను పంపొద్దని ఆడి సార్లకు నువ్వన్న చెప్పు."

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. అమ్మకు జలుబు చేసిందనుకున్నాను.

"పిచ్చిదానా," అంది అమ్మ. "ఈడ పుడితే ఈడోళ్లు గారు. నువ్వు ఈడ పుట్టినా వీళ్లు నిన్ను ఒక్కనాడు మాదానివి అనలే. నేను, మీ నాయిన ఇండియావాళ్లం. మా బిడ్డవు గనుక నువ్వు ఇండియాదానివే. పుట్టిన్నాడే అయినవ్, ఇంకా బొడ్డు గూడ ఊడకముందు."

"నువ్వు ఇండియాదానివి గనుకనా?"

"ఆఁ, నేను ఇండియాదాన్ని గనుక."

"అయితే నన్ను ఆడికి పంపరు గదా?"

"పంపరు బిడ్డా. నేను ఎన్ని తీర్ల అడిగినా పంపుతలేరు. వీసా ఇస్తలేరు."

నేను ఆ "పంపరు" వరకే విన్నాను. ఫోన్ అవ్వ చేతిలో పడేసి, గెంతుకుంటూ రేడియో దగ్గరికి పరుగెత్తాను.

తర్వాత సోషల్ సార్ వచ్చి రెండు అంకె పక్కన "వారసత్వంతో" అని రాశారు. వేరే దేశంలో పుట్టినా, తల్లో తండ్రో మన పౌరులైతే పిల్లలు మన పౌరులేనన్నారు. ఇప్పుడు పుట్టే పిల్లలకైతే ఏడాదిలోగా అక్కడి మన ఎంబసీలో పేరు రాయించాలనీ, మేమంతా ఆ నియమం రాకముందే పుట్టేశామనీ చెప్పారు. రేడియో లేచి, "నాకైతే ఊకెనే వచ్చింది సార్, ఈడనే పుట్టిన," అన్నాడు. "ఊకెనే ఏం రాలేదురా. నువ్వు పుట్టేనాటికి ఉన్న కాయిదా ప్రకారం మీ అమ్మనో నాయిననో ఈ దేశం వాళ్లయి ఉండాలె. అదే నేను చెప్తనన్న షరతు," అన్నారు సార్. వాడు ఆ రోజంతా మాట్లాడలేదు. మా అత్త జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

నాకు మాత్రం కొత్త భయం పట్టుకుంది. నాది అమ్మ వల్ల వచ్చిందైతే, అక్కడ అన్నేళ్లుండి అమ్మ ఇండియాది కాకుండా పోతే? అందుకని ప్రతి శుక్రవారం ఫోన్ మోగగానే, అంతకుముందు అవ్వ బతిమాలితే తప్ప రానిదాన్ని, అందరికన్నా ముందు అందుకొని అడిగేదాన్ని: "అమ్మా, నువ్వింక ఇండియాదానివే గదా?" "ఇండియాదాన్నే బిడ్డా," అనేది అమ్మ. అంతటితో నా పని అయిపోయేది, ఫోన్ అవ్వకు ఇచ్చేసేదాన్ని. తనను పంపించేస్తారేమోనని ఆ ఆరో తరగతి పిల్ల ఇక్కడ అన్నం మానేసింది. పంపరని తెలిసి అటుపక్క అమ్మ ఎన్ని పూటలు మానేసిందో ఆ పిల్ల ఒక్క శుక్రవారమూ అడగలేదు. ఇప్పుడు అడిగితే అమ్మ నవ్వేసి, "నువ్వు అందరికన్న ముందు ఫోనెత్తుతుంటివి, గది సాలు నాకు," అంటుంది.