ఏడో తరగతి కోసం ఒక పళ్ళెం ముక్క

శనివారం ఉదయం ఎనిమిది పదికి బాపట్లలో రైలెక్కాను. భుజాన బట్టల సంచి, చేతిలో పులిహోర పొట్లం, మా వదిన కోసం అరకిలో ఎండు రొయ్యలు. రైల్లో ఎండు రొయ్యలు తీసుకెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే, ఒక కవర్‌ను నమ్ముకోకండి.

ఈ ప్రయాణానికి కారణం మా పెద్దనాన్నగారబ్బాయి సామ్యూల్ అన్నయ్య. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాడు. నెలకో ఆదివారం నలుగురైదుగురు స్నేహితులతో ఊరి బయట షూటింగ్ రేంజికి వెళ్ళి, గాలిలోకి ఎగిరే మట్టి పళ్ళేలను తుపాకీతో కొడుతుంటాడు. "ఒక్కసారి రామ్మా, నేర్పిస్తాం. మాదేం పోటీల బ్యాచ్ కాదు, కాలక్షేపం బ్యాచ్" అని రెండేళ్ళుగా ఫోన్‌లో పోరు పెడుతున్నాడు.

సరదాగా వెళ్ళి రావలసిన ప్రయాణానికి నా నోరే ముడి వేసింది. నేను బాపట్లలో ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. శుక్రవారం చివరి పీరియడ్‌లో ఊరుకోలేక ఈ సంగతి పిల్లలకు చెప్పాను. క్లాసంతా ఒకటే నవ్వు. "మీరు బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కుతారు కదా టీచర్" అంది ముందు బెంచీ పిల్ల. నాకు ఉక్రోషం పొడుచుకొచ్చింది. "సోమవారం చూడండి. పళ్ళెం పగలగొట్టి, ఆ ముక్క తెచ్చి ఈ బల్ల మీద పెడతాను. నేను కొట్టిందే" అని నలభై మంది ముందు అనేశాను. పన్నెండేళ్ళ పిల్లలు ఎక్కాలు మర్చిపోతారు గానీ టీచర్ ఇచ్చిన మాట మర్చిపోరు.

సత్తెనపల్లిలో ఎక్కిన పత్తి వ్యాపారి ఒకాయన ఎందుకెళ్తున్నానో అడిగి తెలుసుకుని, "తుపాకీ దేనికమ్మా, మా ఇంట్లో ఆవిడ మాటతోనే పనులన్నీ జరిగిపోతున్నాయి" అన్నాడు. నల్గొండ దగ్గర పులిహోర ఇద్దరం పంచుకున్నాం. నలభై నిమిషాలు ఆలస్యంగా మూడు నలభైకి సికింద్రాబాద్‌లో దిగాను. స్టేషన్ బయట ఒక ఇరానీ చాయ్, రెండు బిస్కెట్లు. తర్వాత సైనిక్‌పురి బస్సు.

"జెర లోపలికి జరుగుండ్రి. ఏందమ్మా, నీ సంచిల ఏమున్నది? గిట్ల వాసనొస్తున్నది" అన్నాడు కండక్టర్. రొయ్యలని చెబితే, "మరి చెప్పవేంది, మా ఇంటికే పోదాం పా" అని టికెట్ కొట్టాడు. బస్సంతా నవ్వింది. ఐదింటికి వదిన నవ్వు ముఖంతో గుమ్మంలో కనిపించింది.

ఆదివారం ఆరున్నరకు చర్చిలో మొదటి ఆరాధన. అది అయ్యాకే తుపాకీ, ఇది ఆ ఇంటి నియమం. ఎనిమిదింబావుకు అన్నయ్య వ్యానులో బయలుదేరి తొమ్మిదికి రేంజికి చేరాం. దారిలో వదిన పెసరట్ల పొట్లం విప్పింది. వెళ్ళదలచినవాళ్ళు బూట్లు వేసుకోండి, చీర వద్దు, టోపీ మర్చిపోకండి.

బ్యాచ్‌లో మిగతావాళ్ళు ఆ వారం రాలేదు, అక్కడ మా కోసం ఎదురుచూస్తున్నారు యాదగిరిగారు. బోయిగూడలో మోటారు విడిభాగాల కొట్టు ఆయనది, అరవై దాటాయి. పళ్ళేలను విసిరే స్ప్రింగు యంత్రం ఆయన చేతిలోనే ఉంటుంది. మనం తుపాకీ భుజానికి ఆనించి 'పుల్' అనాలి, ఆయన లివర్ లాగుతాడు, నారింజ రంగు పళ్ళెం ఎటో ఒక వైపు దూసుకుపోతుంది. దాని ముందుకు తుపాకీ తిప్పుతూ, ఆపకుండా కాల్చాలి. చెప్పుకోవడానికి ఇంతే.

ముందు వదిన నిలబడింది. ఆసుపత్రిలో నర్సుగా ముప్ఫై ఏళ్ళు ఇంజెక్షన్లు చేసిన చేయి. పది పళ్ళేలకు తొమ్మిది పొడిపొడి. అన్నయ్యకు ఆరు. "ఇంట్లో నేను జాగ్రత్తగా ఎందుకుంటానో ఇప్పుడు అర్థమైందా" అన్నాడు.

నా వంతు వచ్చింది. యాదగిరిగారు నాకంటే పెద్దవారు కదా, "పుల్ అండీ" అన్నాను. నేను 'అండీ' పూర్తి చేసేలోపు పళ్ళెం గడ్డిలో పడింది. రెండోసారీ అంతే.

"మేడం, నాకు మర్యాద వద్దు. ఒక్క ముక్క అనుండ్రి, చాలు" అన్నాడాయన.

నాలుగోసారికి మర్యాద మానగలిగాను. కానీ పళ్ళెం పగలలేదు. పదిహేను కాల్చాను, పదిహేనూ పోయాయి. కుడి భుజం కమిలింది. పదకొండింటికి టీ విరామం. నేల మీద ఎక్కడ చూసినా నారింజ ముక్కలే. అటూ ఇటూ చూసి, అరచేతిలో పట్టేంత ముక్క ఒకటి ఏరి హ్యాండ్‌బ్యాగులో వేశాను. యాదగిరిగారు చూడనే చూశారు. పిల్లలకు నేనిచ్చిన మాట సంగతి అన్నయ్య ఆయనకు అప్పటికే చెప్పేశాడు.

"మంచి పని చేసిన్రు. ఏడో క్లాస్ పిల్లలకు ఏం తెలుస్తది?" అన్నారు. తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

టీ గ్లాసు పక్కన పెట్టి ఆయనే మళ్ళీ అన్నాడు. "జెర ఇటు రండ్రి. రెండు చేతులు కలిపి చిన్న కంత చేసి, అందులకెళ్ళి గా నీళ్ళ ట్యాంకు చూడుండ్రి. చూసుకుంటనే చేతులు ముఖం దగ్గరికి తెచ్చుకోండ్రి."

తెచ్చుకున్నాను. చేతులు వాటంతటవే ఎడమ కంటి మీదికి వచ్చాయి.

"అదీ సంగతి. మీకు ఎడమ కన్ను నడుస్తది, తుపాకేమో కుడి భుజాన పెడుతున్నరు. గట్లయితే ఎన్నడు తగల్తది? చిన్నప్పుడు మీది ఎడమ చేతివాటమా?"

అవును. అన్నం తినేటప్పుడు మా అమ్మ నా ఎడమ చేతిని పాత చీర అంచుతో నడుముకు కట్టేసేది. "రేపు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెకు ఏ చెయ్యి చాపుతావే?" అనేది. ఆమె తప్పేం లేదు, ఊరంతా అలాగే చేసేది. ఆరు నెలల్లో కుడి చేయి అలవాటైంది. నా చేతిరాత ఇప్పటికీ కోడి గీకినట్టే ఉంటుంది. అది నా బద్ధకం అనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపాను.

తుపాకీ ఎడమ భుజానికి మార్చాను. వదిన తూటా అందిస్తే ఎడమ చేయి చాపి, చటుక్కున వెనక్కి తీసుకుని, కుడి చేయి చాపాను. వదిన ఇవ్వలేదు. "ఆ చేత్తోనే తీసుకో సుగుణా" అంది.

పెట్టెలో నా వంతు పళ్ళేలు ఐదే మిగిలాయి. మూడు పోయాయి. అయినా ఈసారి పళ్ళెం నాకు ఎక్కడుందో కనబడుతోంది. నాలుగోదానికి "పుల్" అన్నాను. పళ్ళెం కుడివైపు లేచింది, తుపాకీ దాని వెంట వెళ్ళి, దాటి, పేలింది. నీలాకాశంలో చిన్న నారింజ పొగ. అన్నయ్య ఈల వేశాడు. నేను ఏడ్చాను. ఏడ్చినందుకు సిగ్గుపడలేదు. ఐదోది తప్పిపోయింది, దాని గురించి బాధే లేదు.

పన్నెండింటికి కాల్పులు ఆపాక గడ్డిలోకి పరుగెత్తాను. గంట సేపు వంగి వెతికాం, నలుగురం. వందల ముక్కలు, అన్నీ ఒకే రంగు. వదిన కొట్టినవి, అన్నయ్య కొట్టినవి, పోయిన నెలవి. నాది ఏదో ఎవరు చెప్పగలరు? ఖాళీ తూటా అయినా తీసుకుందామంటే, అవి లెక్క పెట్టి రేంజికి అప్పగించాలి. హ్యాండ్‌బ్యాగులోని ముక్క తీసి గడ్డిలోకి విసిరేశాను.

"అరే, నిజంగనే కొట్టిన్రు గద. ఏదో ఒకటి తీస్కపోండ్రి, ఎందుకు పరేషాన్?" అన్నారు యాదగిరిగారు.

"నేను కొట్టిందే తెస్తానన్నాను" అన్నాను.

ఇంటికొచ్చి వదిన చేతి రొయ్యల ఇగురుతో భోంచేసి, నాలుగున్నర రైలు అందుకున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల మీద సాయంత్రపు ఎండ పడుతోంది. రెండు భుజాలూ నొప్పే, మనసు మాత్రం దూదిలా ఉంది. ఇలాంటి బ్యాచ్ మీకెక్కడైనా తగిలితే తప్పక వెళ్ళండి. ముందు మీ కన్ను ఏదో తెలుసుకుని వెళ్ళండి.

బీబీనగర్ దాటాక నేనిచ్చిన మాట మీదికి ధ్యాస మళ్ళింది. రేపు మొదటి పీరియడ్ నాదే. "ముక్కేది టీచర్?" అంటారు. పగలగొట్టాను గానీ తేలేదు అనాలి. "హోంవర్క్ చేశాను టీచర్, పుస్తకం ఇంట్లో మర్చిపోయాను" అన్న ఏ పిల్లనూ పదహారేళ్ళుగా నేను నమ్మలేదు. నేరుగా బెంచీ ఎక్కించేదాన్ని. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఎదుటి సీటులో జామకాయ కోస్తున్న పెద్దావిడ "ఏంటమ్మా, చెబితే మేమూ నవ్వుతాం" అంది.

"రేపు నేను బెంచీ ఎక్కాలండీ" అన్నాను. ఆవిడకేం అర్థమైందో, జామకాయ ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది.

అది తింటూ ఉంటే కెజియా గుర్తొచ్చింది. మా క్లాసులో మూడో బెంచీ పిల్ల. ఎడమ చేత్తో రాస్తుంది. బడి తెరిచిన దగ్గర్నుంచి ఆ చేతిలోని పెన్ను తీసి కుడి చేతిలో పెడుతున్నది నేనే. రెండుసార్లు స్కేలుతో కొట్టాను కూడా.

హోంవర్క్ తేనివాళ్ళ పేర్లు బోర్డు మీద రాయించడం మా క్లాసు పద్ధతి. రేపు మొదటి పేరు నాది. చాక్‌పీసు కెజియాకు ఇస్తాను. ఎడమ చేతికి ఇస్తాను.