గూడబాతు మూడో కాలు

పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక పక్షి బరువు మోస్తున్నాను. గూడబాతు. మామూలు గూడబాతయితే ఈపాటికి కొల్లేరు మీదికి ఎగిరిపోయేది. నాది కాగితం మీదది. ఫ్రేము కట్టించి మా హాల్లో టీవీ పైన తగిలించినది. దానికి మూడు కాళ్ళు. ఆ మూడో కాలు సంగతి ఈమధ్య వరకూ ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. నా పేరు రాయను. మా ఆయన పేరు మార్చి వీరబాబు అంటాను. అయినా ఏం లాభం? కలిదిండి వైపు వచ్చి, మూడు కాళ్ళ గూడబాతు బోర్డు ఉన్న చేపల మేత షాపు ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా మా గుమ్మం చూపిస్తారు.

మాది వట్లూరు వైపు ఒక కాలేజీ. డిగ్రీ చివరి ఏడాది ఫేర్‌వెల్‌కి అందరికీ చేత్తో చేసిన కార్డులు ఇద్దామనుకున్నాం. ఒక్కో కార్డు మీద కెమిస్ట్రీ రజియా మేడం గారు ఒక మాట రాసి సంతకం పెడతారు. పక్కన నేను ఒక చిన్న బొమ్మ వేస్తాను. నాకు బొమ్మలు వచ్చా? రావు. రికార్డు పుస్తకంలో టెస్ట్ ట్యూబు కాస్త నిటారుగా గీసేదాన్ని. మిగతావాళ్ళవి అంతకంటే ఘోరంగా ఉండేవి కాబట్టి క్లాసుకి ఆర్టిస్టుని నేనయ్యాను. అందుకని తేలికైనవే ఎంచుకున్నాను. పలక గీసి కుచ్చు వేలాడదీస్తే పట్టా టోపీ. కాగితం చుట్టకి రిబ్బను కడితే డిగ్రీ. రెక్కలున్న పుస్తకం, కాగితం పడవ, గాలిపటం. అత్తిలి నుంచి వచ్చే అమ్మాయికి వరి కంకి. గీతలు తక్కువ, అర్థం ఎక్కువ. బొమ్మలు రానివాళ్ళకి అదొక్కటే దారి.

మధ్యాహ్నం భోజనాల వేళ కార్డులన్నీ బెంచీ మీద పరిచి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో గీస్తున్నాను. కార్డుల దగ్గర తినొద్దని మేడం గారు చెప్పి మరీ వెళ్ళారు. బాక్సులోంచి ఆవకాయ ముక్క జారింది. అన్ని కార్డులుండగా వీరబాబు కార్డు మీదే పడింది. అదీ సరిగ్గా మేడం గారి అక్షరాల మీద. చున్నీతో తుడిచాను. కార్డంతా ఎర్రబడింది.

మేడం గారి దగ్గరికెళ్ళి ఇంకోసారి రాయించుకోవచ్చు కదా అంటారు మీరు. నేనూ ఇన్నేళ్ళుగా నన్ను అదే అడుగుతున్నాను. తిడతారని భయం, అది నిజం. కానీ అది సగం నిజం. ఆ మరక కింద మేడం గారు రాసింది ఇదీ: ‘వీరబాబూ, ఇకనైనా బస్సు మీద నెపం పెట్టకుండా టైముకి రా.’

అది చదివితే నాకు కష్టంగా అనిపించింది. అతను ఆఖరి బెంచీ. చెరువుల మధ్య ఊరినుంచి రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. రెండు సబ్జెక్టులు పోయాయి. చదువు మానేస్తానని అప్పటికే అంటున్నాడు. ఇక ఉన్నదున్నట్టు చెప్పేస్తాను: నాకు అతనంటే ఇష్టం. ఆ సంగతి అతనికి చెప్పే ధైర్యం లేదు. ఆ కార్డు చింపేసి కొత్తది తీసుకుని, మేడం గారి దస్తూరీలో రాశాను. ‘వీరబాబూ, నువ్వు ఏ పని మొదలుపెట్టినా నిలబెడతావు. నాకు నమ్మకం ఉంది.’ కింద ఆవిడ సంతకం కూడా పెట్టాను. కొల్లేరు కుర్రాడు కదా అని గూడబాతు వేశాను. వేలికి మిగిలిన ఆవకాయ నూనె దాని పొట్ట కింద సన్నగా అంటుకుంది. ఇంకో కార్డు లేదు. మరక మీద గీత గీసి, చివర వేళ్ళు పెట్టాను. అలా పుట్టింది మూడో కాలు.

తర్వాత జరిగినదంతా నా చేతిలో లేదు. బొమ్మలు వేసింది నేనని రోజూ ఆలస్యంగా వచ్చే అతనికి తెలియదు, అదీ మేడం గారే వేశారనుకున్నాడు. అతను ఆ కార్డు పట్టుకుని పోయిన సబ్జెక్టులు పాసయ్యాడు. మేత షాపు పెట్టాడు. ఏలూరు వచ్చి మా నాన్నగారి ఎదురుగా కూర్చుని, “మా మేడం గారే నన్ను నమ్మారండి, మీరూ నమ్మండి” అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ ధైర్యం పోతే మనిషి లేచి వెళ్ళిపోతాడేమోనని భయపడ్డాను. కాలేజీలో నువ్వు అన్నదాన్ని పెళ్ళయ్యాక ఏవండీ అంటున్నాను. ఇదొక్కటీ మాత్రం ఏ పిలుపుతోనూ చెప్పలేకపోయాను.

దానికి శిక్ష మా ఇంట్లోనే జరుగుతోంది. ఆయన పీతలు పెంచుతానన్నారు. వద్దన్నాను. వేలు ఫ్రేము వైపు చూపించి, “ఏ పని మొదలుపెట్టినా అన్నారు మేడం గారు” అన్నారు. పీతలు గట్టు దాటి పక్కవాళ్ళ చెరువులోకి వెళ్ళిపోయాయి. తర్వాత కుందేళ్ళు. తర్వాత మా పడగ్గదిలో పుట్టగొడుగులు. నేను నోరెత్తితే చాలు, వేలు ఫ్రేము మీదికి వెళుతుంది. నా మాట మీద నా మాటే గెలుస్తోంది. ఏ పని మొదలుపెట్టినా అని ఎందుకు రాశాను? చేపల పని అని రాసి ఊరుకుంటే నా సొమ్మేం పోయేది?

షాపు బోర్డు మీదా ఆ బొమ్మే వేయించారు, మూడు కాళ్ళతో సహా. పుట్టినప్పట్నుంచీ గూడబాతుల్ని చూస్తున్న రైతులు ఊరుకుంటారా? “ఏవండీ వీరబాబు గారూ, మీ మేత తింటే కాళ్ళు కూడా ఎక్కువొస్తాయాండి?” అంటారు. ఆయన నవ్వరు. “రెండు కాళ్ళు అన్నిటికీ ఉంటాయండి. మూడోది నమ్మకం. మేడం గారు ఆలోచించి వేశారు” అంటారు. నేను గల్లా పెట్టె వెనక తల వంచుకుంటాను.

ఇలాగే గడిచిపోయేది. ఈమధ్య మా పాప స్కూల్లో యూకేజీ పిల్లలకి గ్రాడ్యుయేషన్ డే పెట్టారు. ఇప్పుడు యూకేజీకి కూడా నల్లగౌనూ టోపీ ఉన్నాయి. అమ్మానాన్నలు చేత్తో బొమ్మ వేసి మెసేజ్ కార్డు తేవాలన్నారు. పాప గూడబాతే కావాలంది. వేశాను. చెయ్యి దానంతటది మూడు కాళ్ళూ వేసేసింది. ముఖ్య అతిథి ఎవరయ్యా అంటే, రిటైరైన రజియా మేడం గారు.

ఆయన ఆనందం చెప్పలేను. ఫ్రేము ఊడదీసి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కారెక్కారు. ఆలస్యంగానే చేరాం. మేడం గారికి నమస్కారం పెట్టి, “మా ముందున్న బస్సు ఆగిపోయిందండి” అన్నారు. తర్వాత ఫ్రేము ఆవిడ చేతికిచ్చారు. నా చేతిలో పాప కార్డు. రెండు పక్షులూ పక్కపక్కన. “మీరు వేసిన బొమ్మ చూసి మా ఆవిడ కాపీ కొట్టిందండి. మీ అంత బాగా రాలేదనుకోండి” అన్నారు.

మేడం గారు కళ్ళజోడు సర్దుకుని దాన్ని చూశారు, దీన్ని చూశారు, నన్ను చూశారు. “అవును బాబూ, కాలు కాస్త వంకరపోయింది” అన్నారు. ఆయన పాపకి టోపీ పెట్టడానికి వెళ్ళగానే నన్ను పక్కకి పిలిచారు.

“అసలు నేనేం రాశానమ్మా?”

చెప్పాను. ఆవకాయతో సహా.

“మరి ఇప్పుడు టైముకి వస్తున్నాడా?”

“ఇందాక చూశారు కదండీ.”

ఆవిడ నవ్వారు. నేనూ నవ్వబోయాను. ఈలోపు ఆవిడ నవ్వు ఆపేశారు. “నా సంతకం పెట్టడానికి ధైర్యం సరిపోయింది. నీ సంతకానికి చాల్లేదా?” అన్నారు. సరేలేమ్మా అని మాత్రం అనలేదు. స్టేజీ మీదికి వెళ్ళిపోయారు.

ఈ ఉదయం బోర్డుకి కొత్త రంగు వేయడానికి పెయింటర్ వచ్చాడు. పాతదంతా గీకేసి, పక్షిని పొట్ట దాకా వేసి ఆగాడు. “ఈసారి రెండు కాళ్ళే వేద్దామాండి? జనం నవ్వుతున్నారు” అన్నాడు. మా ఆయన ససేమిరా అన్నారు. అది మేడం గారు వేసిన కాలన్నారు.

“ఏవండీ, అది కాలు కాదండీ. ఆవకాయ మరక” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “ఆ బొమ్మ నేనే వేశాను. ఆ మాట నేనే రాశాను. మేడం గారు రాసింది బస్సు గురించి.”

ఆయన బోర్డు వైపు తిరిగారు.

“అయితే నమ్మకం ఉందన్నది?”

“నాకేనండీ.”

ఆయన బండి తీసుకుని చెరువుల వైపు వెళ్ళిపోయారు. కోపమో, సిగ్గో, మరేమిటో నాకు తెలియలేదు. పెయింటర్ కాసేపు ఎదురుచూసి, “రెండా మూడా అండి?” అన్నాడు. ఆయన వచ్చాక చెబుతామన్నాను. అతను నిచ్చెన దిగి టీకి పోయాడు.

ఇదంతా షాపులో కూర్చునే రాస్తున్నాను. భోజనాల వేళ దాటింది, ఆయన ఇంకా రాలేదు. వస్తే ఏమంటారో తెలియదు. వచ్చి బస్సు అడ్డం వచ్చిందంటే మాత్రం ఏమీ అనను. బోర్డు మీద గూడబాతుకి ప్రస్తుతం ఒక్క కాలూ లేదు. దాన్ని చూస్తుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. కానీ ఇన్నేళ్ళకి చెప్పేశాను, కాస్త తేలికగా ఉంది.