నీలార్‌కి నేను చెప్పిన ఆమెన్

ఒట్టు పెట్టకూడదని మా అమ్మ చెప్పేది. బైబిల్ ముందు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే. అందుకని ఒట్టు పెట్టను. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది... మీరు నమ్మినా నమ్మకపోయినా.

నేను సముద్రం ఇవతల, మన తెలుగువాళ్లుండే తాకేటా పేటలో పెరిగాను. సువార్త పని మీద నగరం చివర లైంగ్‌థార్యార్ పేటకి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఫ్యాక్టరీలు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట మా పిల్లల ఇల్లు. తొమ్మిది మంది ఆడపిల్లలు. నాకు తోడు మా అన్న భార్య, నర్సమ్మ వదిన. వంట ఆవిడదే. మా దేవుణ్ణి నమ్మదు, మా పిల్లలంటే మాత్రం ప్రాణం. ఇన్నేళ్లలో ఒక్క పూటా పస్తు పడుకోబెట్టలేదు. దేవునికి స్తోత్రం.

మాకొక పద్ధతి ఉంది. రాత్రి దీపం ఆర్పాక, చాపల వరసలో ఒక్కో పిల్లా ఆ రోజుకి ఏదో ఒకదానికి వందనాలు చెప్పాలి. నేను ఆమెన్ అనాలి. ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తే ఆ సంగతీ అక్కడే చెప్పాలి. నేను ఆమెన్ అంటే పంపుతున్నట్టు. అనకపోతే ఆ పిల్ల గడప దాటదు.

మొన్నటి వానాకాలం. నాలుగో చాప పిల్ల నీలార్‌కి జ్వరం. ఏడేళ్లుంటాయి. రెండు రోజులు తగ్గినట్టే ఉండి, మూడో రోజు సాయంత్రానికి ఒళ్లు పెనంలా కాలిపోయింది. కరెంటు లేదు. ఫోన్ కలవదు. కర్ఫ్యూ... తెల్లారేదాకా వీధిలో అడుగు పెట్టకూడదు. వంటగది గుమ్మం దగ్గర పిల్లని ఒళ్లో వేసుకుని తడిగుడ్డ వేస్తున్నాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

మిగతా పిల్లలు భయపడకూడదని, పక్క గదిలో వందనాలు మొదలుపెట్టమన్నాను.

"కూరలో గుడ్డు వచ్చినందుకు వందనాలు."

ఆమెన్.

"గుడ్డు నాను వొండితే వందనాలు ఆయనకేటి?" అంది వదిన, నీళ్లు కాస్తూ. అంత బాధలోనూ నవ్వొచ్చింది.

"బళ్లో టీచర్ కొట్టనందుకు వందనాలు."

ఆమెన్.

"వాన ఆగినందుకు వందనాలు."

ఆమెన్.

"అమ్మ వచ్చినందుకు వందనాలు."

ఆమెన్.

అనేశాను. అలవాటు... నోరు దానంతటదే అనేసింది. అన్నాక నా చెయ్యి ఆగిపోయింది.

అది నాలుగో వంతు. నాలుగో చాప ఖాళీ. నీలార్ నా ఒళ్లో ఉంది. పొయ్యి వెలుగులో దాని మొహమే చూస్తున్నాను... పెదాలు కదల్లేదు. గొంతు మాత్రం దానిదే. కొంచెం బొంగురు గొంతు.

దాని తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. ప్రతి శనివారం వచ్చి, టిఫిన్ క్యారియర్‌తో ఇనప గేటుని రెండుసార్లు తట్టేది. ఆమె పోయి ఏడాది దాటింది. నేనే దగ్గరుండి మట్టి చేయించాను.

పక్క గదిలో ఐదో పిల్ల తన వంతు చెప్పింది. ఏమీ జరగనట్టే.

అప్పుడు... గేటు.

టంగ్.

కప్పలు కూడా ఆగిపోయినట్టు అనిపించింది.

టంగ్.

వదిన లేచింది. "ఈ యేళప్పుడు ఎవులది?"

"తియ్యకొదినా."

"ఎవులో సూడొద్దేటి?"

"వద్దు. నాను... నాను పంపుతానని సెప్పేసినాను."

"ఎవులికి సెప్పినావు? ఏటి సెప్పినావే అమ్మీ?"

చెప్పాను. నన్ను ఆట పట్టిస్తుందనుకున్నాను. పట్టించలేదు. వెళ్లి తలుపు తెరుచుకోకుండా గొళ్లెం మీద చెయ్యి వేసి నిలబడింది. "ఆ మాట యెనక్కి తీసుకోడానికి మీకేటీ లేదా?" అంది మెల్లగా.

నాకు తెలీదు. పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ అవసరం రాలేదు.

నీలార్ లేచి కూర్చుంది. కళ్లు మూసే ఉన్నాయి. మొహం గేటు వైపు తిరిగింది. లేవబోయింది. నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. పిట్టంత పిల్ల... అంత బలం ఎక్కడిదో. ప్రార్థన చేద్దామనుకున్నాను. ఏమని అడగను? వచ్చింది కన్నతల్లి అయితే నేనెవర్ని? "ఇవాళ కాదమ్మా... ఇవాళ కాదు" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలీదు. ఎంతసేపు పట్టుకున్నానో కూడా తెలీదు.

తెల్లవారుజామున పిల్లకి చెమట పట్టింది. ఒళ్లు వదులైంది. కర్ఫ్యూ ఎత్తేయగానే సైకిల్ రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. గేటు ముందంతా బురద. ఒక్క అడుగు జాడ లేదు.

నీలార్ బతికింది. దానికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు.

పిల్లల్ని అడిగాను. "నీలార్ వంతు దాటేసి చెప్పాం టీచరమ్మా. మధ్యలో మీరే ఊరికే ఆమెన్ అన్నారు" అన్నారు. నిద్రలేమితో నాకే ఏదో వినపడిందా? మరి గేటు చప్పుడు వదిన కూడా విన్నది కదా. "గాలికి గొలుసు కొట్టుకుందేమోలే" అంటుంది ఇప్పుడు. నా మొహం చూడకుండా అంటుంది.

వారానికి నీలార్ తిరిగొచ్చింది. ఆ రాత్రి దాని వంతు వచ్చింది. చడీ చప్పుడూ లేదు. చీకట్లో తడుముకుంటూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏమ్మా, చెప్పవా అన్నాను.

"టీచరమ్మా... మీరు ఆమెన్ అన్నారు కదా" అంది. "మరి నన్నెందుకు పంపలేదు?"

దాని తల మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఐదో పిల్లని చెప్పమన్నాను.