కాపరి ఎందుకు నిద్రపోయాడు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ కథా తిన్నగా చివరిదాకా సాగింది లేదు. కారణం మా అవ్వ, అంటే మా బాపు వాళ్ళమ్మ. కేతేపల్లి దగ్గర మా ఊళ్ళో గొర్లు కాసి కాసి మోకాళ్ళు అరిగాక ఆమె ఇంటిపట్టునే ఉండిపోయింది. కాళ్ళు ఆగాయి గానీ నోరు ఆగలేదు. రాజు వేటకు బయలుదేరాడని నేను చదివితే, రాజు అడవిలో తిరుగుతుంటే ఊళ్ళో తగాదాలు ఎవరు తీరుస్తున్నారని అడిగేది. టీవీలో కోడలు ఏడుస్తుంటే, పొద్దటి నుంచి ఏడ్చే మనిషికి కొప్పెందుకు చెదరలేదని అడిగేది. ఒకసారి వార్తల్లో ఒకాయన నడుములోతు వరదలో నిలబడి మాట్లాడుతుంటే మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అవ్వ మాత్రం, "గాయన నీళ్లల్ల ఉన్నడు సరే, గాయన్ని ఫొటో దీసెటోడు యాడ నిలవడ్డడే?" అంది. ఇంక ఆ వరదకు భయపడే యోగం మాకెవరికీ లేకుండా పోయింది.

నాకు ఒళ్ళు మండేది. కథలో మునిగిపోవడమే నాకు తెలిసిన ఏకైక సుఖం. మనుషులతో మాట్లాడాలంటే భయం కాబట్టి పుస్తకాల్లో ఉండేదాన్ని. అక్కడికి కూడా అవ్వ వచ్చి కూర్చునేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఐదో తరగతి చదువుతున్నాను. హాజరు పిలిస్తే పలకడానికే గొంతు పెగలని నన్ను, మా తెలుగు సారు బడి వార్షికోత్సవంలో కథ చెప్పడానికి ఎంపిక చేశాడు. బడి అల్మారాలోని పుస్తకాలన్నీ చదివింది నేనొక్కదాన్నేనని ఆయనకు తెలుసు. కథ ఆయనే ఇచ్చాడు. ఒక సోమరి గొర్రెల కాపరి పట్టపగలు చెట్టు కింద గుర్రుపెట్టి నిద్రపోతాడు, తోడేలు వచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుపోతుంది, సోమరితనం చేటు తెస్తుందని నీతి. బాపు వస్తానన్నాడు. నా గొంతు నలుగురిలో బాపు వినడం అదే మొదటిసారి కాబోతోంది. తప్పు పోకూడదని నాకు ఒకటే పట్టుదల.

అది చింతపండు కాలం. వాకిట్లో అవ్వ కాయలు కొట్టి గింజలు తీస్తుంటే, పక్కన నిలబడి నేను కథ వల్లెవేస్తున్నాను. నిద్ర దగ్గరికి రాగానే ఆమె చేతిలో రాయి ఆగింది.

"ఎందుకు పండుకున్నడు?"

"సోమరోడు అవ్వా. పుస్తకంల గట్లనే ఉన్నది."

"రాత్రి యాడున్నడు వాడు?"

"రాత్రి సంగతి కథల లేదు. జర ఊకోరాదే!"

"అట్లెట్ల లేదు? రాసినాయన పొద్దుగూకంగనే ఇంటికి వొయ్యి బువ్వ దిని పండుకున్నడు గావచ్చు. తెల్లారి పగటీలి వచ్చి, గీ కాపరోడు పండుకున్నడని రాసిండు."

అవ్వ ఏమంటోందో నాకు తెలియక కాదు. కోతలయ్యాక రైతులు తమ చేలల్లో రాత్రిపూట గొర్ల మందను నిలుపుకుంటారు, ఎరువు పడుతుందని. అలా మంద పెట్టినన్నాళ్ళూ బాపు గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని తెల్లవార్లూ కావలి ఉంటాడు. మధ్యాహ్నం ఎక్కడ ఒరిగితే అక్కడ కన్నంటుకుంటుంది. ఇదంతా నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ పుస్తకంలో కాపరి వేరు కదా అనుకున్నాను. బొమ్మలో అతనికి ఎర్ర తలపాగా, చేతిలో పిల్లనగ్రోవి ఉన్నాయి. మా బాపుకు తలపాగా లేదు, అంగీ జేబులో సెల్ ఫోన్ ఉంటుంది. ఇద్దరికీ సంబంధమేమిటి?

అవ్వకు దూరంగా ఇంటి వెనక్కి పోయి గోడకు కథ చెప్పుకున్నాను. కానీ నిద్ర దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ పాడు ప్రశ్న ముందే వచ్చి నిలబడేది. నేర్చుకున్నదంతా ఈ ముసల్ది చెడగొట్టిందని పళ్ళు నూరుకున్నాను.

ఆరోజు బడి ముందు షామియానా వేశారు. బాపు మందను చిన్నాయినకు అప్పజెప్పి, ఉతికిన తెల్లంగీ వేసుకుని రెండో వరుసలో కూర్చున్నాడు. కథ మొదలుపెట్టాను. ఆశ్చర్యంగా గొంతు పలికింది. కాపరి చెట్టు కింద వాలాడని చెప్పి, సారు నేర్పినట్టే గట్టిగా గురక పెట్టాను. అందరూ నవ్వారు. నన్ను చూసి జనం మెచ్చుకుంటూ నవ్వడం నాకు కొత్త. ఆ సంబరంలో బాపు వైపు చూశాను.

బాపు నిద్రపోతున్నాడు. గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది.

వెనక వరుసలోంచి ఎవరో, "అగో, కాపరోడు గీడనే పండుకున్నడు!" అని అరిచారు. ఈసారి నవ్వు షామియానా అంతా పాకింది. బాపు ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూశాడు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి, ఎందుకో తెలియకపోయినా, తానూ నవ్వాడు.

ఆ నవ్వు చూశాక నాకు తరువాతి వాక్యం నోట రాలేదు. 'సోమరితనానికి ఫలితం చూడండి' అనాలి. నేను మాత్రం, "ఆ కాపరి రాత్రంతా పండుకోలేదు. రైతు చెల్కల మందకు కావలి ఉన్నడు. అందుకే కన్నంటుకున్నది," అన్నాను. కథలోని పుస్తకభాష కూడా జారిపోయి మా ఇంటి మాట వచ్చేసింది. ఇక తోడేలు రావలసిందే కాబట్టి వచ్చింది, గొర్రెపిల్ల పోయింది. కానీ నీతి ఎంత ప్రయత్నించినా ఆ కథకు అతకలేదు. నమస్కారం పెట్టి దిగిపోయాను.

"గదేందమ్మా, నీతి యాడ వోయింది?" అని సారు తల పట్టుకున్నాడు. బహుమతి ఇంకో అమ్మాయికి వచ్చింది. బాపు మాత్రం, "మంచిగ జెప్పినవ్ బిడ్డా," అని నా నెత్తి నిమిరి మంద దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎంత విన్నాడో ఇప్పటికీ నేను అడగలేదు.

ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. అంతా నీ వల్లేనని ఏడ్చాను. జరిగింది విని ఆమె బాధపడితే ఒట్టు, మొహం వెలిగిపోయింది. నన్ను ఊరుకోబెట్టడానికి తనకు ఇష్టమైన కథ అందుకుంది. తాను వయసులో ఉన్నప్పుడు ఒక రైతు, జోరువానలో కనికరం లేకుండా తననూ మందనూ చేనులోంచి తరిమేసిన కథ. వంద సార్లు విన్నాం. విన్న ప్రతిసారీ ఆ రైతును తిట్టాం. ఆరోజు నా కడుపు మండి ఉంది.

"గా చేన్ల ఏమున్నదే అవ్వా అప్పుడు?"

అవ్వ చింతగింజలను ఒక పక్కకు నెట్టింది. "పల్లి మొలకలు," అంది.

"గొర్లు మేసినయా?"

"ఆకలైన గొర్లు మెయ్యక సూసుకుంట నిలవడ్తయా?" అని కసిరి, నా మీదికి ఒక చింతకాయ విసిరింది. "గిన్నేండ్ల సంది చెప్తాన్న, ఒక్కలన్న అడిగిండ్రా? నీకు కథ చెప్పుడు నాదే తప్పు." అంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పటి నుంచి నాకు సుఖం లేదు. స్నేహితురాళ్ళు నన్ను సినిమాకు పిలవడం మానేశారు. ఫోన్‌లో ఎవరైనా కంటతడి పెట్టించే వీడియో పంపితే, తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో వెతుకుతాను. చివరికి నా డైరీని కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఎవరి మీదైనా కోపంతో పేజీ నింపి పడుకోబోతే, ఆ మనిషి రాత్రి ఎక్కడున్నాడో అడిగినవా అని అవ్వ గొంతు వినిపిస్తుంది. విసుక్కుంటూ లేచి ఇంకో పేరా రాస్తాను.

ఇదిగో, ఇప్పుడూ అంతే. తల పట్టుకున్న సారును మాత్రమే రాసి ముగిద్దామనుకున్నాను. కానీ ఎవరి కళ్ళలోకీ చూడలేని పిల్లతో గురక పెట్టించడానికి, బడి వదిలాక తన ఊరి బస్సు వదులుకుని మరీ, రోజూ ఖాళీ తరగతిలో నా ముందు తానే గురక పెట్టి చూపించింది ఆయనే.