సారయ్య మోకాలు

సారయ్య మోకాలు మొత్తం అరవై సార్లు చచ్చిపోయింది. అన్నిసార్లూ మైదానంలోనే, అన్నిసార్లూ నా కళ్ల ముందే. ఆట రంజుగా నడుస్తుండగా ఉన్నట్టుండి మోకాలు పట్టుకుని గడ్డిలో ఒరిగేవాడు. "ఇగ అయిపాయె సార్. మోకాలు ఖతం. సారయ్య అనేటోడు లేడనుకోండ్రి" అని కళ్లు మూసుకునేవాడు. మర్నాడు పొద్దున ఆ లేనివాడే ఎర్రమంజిల్‌లోని మా ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టేవాడు.

మా సంస్థకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. దానికి మేనేజర్ని నేనే. పేరు అచ్యుతరావు, ఊరు తెనాలి, వృత్తి టైపు కొట్టడం. బంతి గుండ్రంగా ఉంటుందన్నంత వరకే ఆ ఆట నాకు తెలుసు. ఒకసారి ఆఫీసు చదరంగం పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. పోటీకి వచ్చింది ఇద్దరమే. అయినా 'క్రీడాభిమాని' అని ఫైల్లో రాసి జట్టుని తెచ్చి నా నెత్తిన పెట్టారు. ప్రతి మ్యాచ్‌కీ ఆటగాళ్ల పేర్లు టైపు చెయ్యడం, ఓడిపోయాక ఎందుకు ఓడిపోయామో టైపు చెయ్యడం, ఇవీ నా పనులు. రెండో పనే ఎక్కువగా ఉండేది.

గెలిచిన నాలుగు మ్యాచ్‌లూ సారయ్య చలవే. సనత్‌నగర్‌లో ఒక ఫిట్టరు కొడుకు. పందొమ్మిదో ఏట స్పోర్ట్స్ కోటాలో మా సంస్థలో చేరాడు. గోల్స్ కొట్టడమే అతని ఉద్యోగం. బంతి కాలికి అందిందంటే ఎదుటి గోల్‌కీపరుకి చెమటలు పట్టాల్సిందే. కాకపోతే గోలు కొట్టాక మిగతావాళ్లు కేరింతలు కొడుతుంటే మనవాడు మాత్రం తల పట్టుకుని నిలబడేవాడు.

"ఏంటయ్యా, గోలు కొట్టావుగా?"

"గదే సార్ పరేషాన్. ఇయ్యాల్టి అదృష్టమంత గీడనే ఖర్చయిపాయె. ఇగ నాతోని గాదు."

ఆ మోకాలి కోసం నేను తొక్కని గడప లేదు. పంజాగుట్టలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, "ఇంత చక్కటి మోకాలు పుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు" అన్నాడు. సారయ్య నిట్టూర్చాడు. "చూసిండ్రా సార్, ఎక్స్‌రే మిషిన్ సుత ఖరాబైంది" అన్నాడు. పుత్తూరు కట్టు కట్టించాను. కట్టు ఉన్నన్నాళ్లూ మా క్యాంటీన్‌లో కుంటుతూ తిరిగి అందరి జాలీ సంపాదించాడు. కట్టు విప్పిన రోజే రెండు గోల్స్ కొట్టి, డెబ్బయ్యో నిమిషంలో మళ్లీ చచ్చిపోయాడు.

అతను పడిపోయినప్పుడల్లా బెంచి మీది అదనపు స్ట్రైకరు లోపలికి వెళ్లేవాడు. ఆ అదనపువాడు ఏటా మారుతుండేవాడు. తొంభై ఎనిమిదిలో వచ్చినవాడు మహేశ్. ముప్ఫై ఏళ్లవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, మా గోదాములో తాత్కాలికపు పని. మనిషి బంగారం, ఆట మాత్రం దేవుడికే ఎరుక. అతను మైదానంలోకి దిగితే మా కోచ్ అటు చూడలేక వెనక్కి తిరిగి కూర్చునేవాడు.

ఆ ఏడే మా అందరికీ శని పట్టింది. అమీర్‌పేటలో సందు సందుకీ కంప్యూటర్ క్లాసులు వెలిశాయి. మా ఆఫీసుకీ కంప్యూటర్లు వచ్చాయి. ఇరవై రెండేళ్లు కొట్టిన నా టైపు మిషన్ని వరండాలోకి నెట్టి, నన్ను నేర్చుకు రమ్మని అమీర్‌పేట పంపారు. నా కొడుకు వయసున్న కుర్రాళ్ల మధ్య కూర్చుని ఆ మౌసుని బల్ల అంచు దాకా తోసి కింద పడేసేవాణ్ణి. క్లాసయ్యాక బయట ఇరానీ చాయ్ దగ్గర సారయ్య కలిసేవాడు.

"ఎట్లుంది సార్ కంప్యూటర్?"

"నా వల్ల కావడం లేదు సారయ్యా."

"ఇగ అయిపాయె సార్. మీ వేళ్లు, నా మోకాలు ఒక్కపారే పోయినయి" అని ఓదార్చేవాడు. అదీ అతని ఓదార్పు.

ఆ క్లాసులు నడుస్తుండగానే ఆర్డరు వచ్చింది. మార్చి ఆఖరుకి జట్టు రద్దు. పర్మినెంటు వాళ్లు ఆఫీసు పనుల్లోకి వెళ్లాలి. తాత్కాలికపు ఆటగాళ్లలో ఈ సీజన్‌లో పది మ్యాచ్‌లు ఆడినవాళ్లని, పాత రూలు ప్రకారమే, పర్మినెంటు చేస్తారు. మిగతావాళ్లు ఇంటికే.

సారయ్య ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ గోల్స్ కొట్టేవాడు టపాల సెక్షన్‌లో కవర్లు అంటించాలట. నాకు ప్రాణం ఒప్పలేదు. కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బుకి నా పాత మిషన్ మీద ఉత్తరాలు కొట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగో ఉత్తరానికి జవాబొచ్చింది. మా ఆఖరి మ్యాచ్ చూడటానికి వాళ్ల మనిషి వస్తున్నాడు.

"గాడ చేపలు తింటరంట సార్. గొంతుల ముల్లు ఇరికి సస్త" అన్నాడు సారయ్య. కానీ ఆ ఒక్క మాటతో ఆపేశాడు. మర్నాడు అతని భార్య భూలక్ష్మి నాకు ఫోన్ చేసింది. "సార్, పొద్దుగాల నాలుగింటికి లేచి ఉరుకుతుండు. బూట్లకు పాలిష్ కొట్టి పక్కల పెట్టుకొని పంటుండు. జర ఎట్లన్న చేసి కలకత్త పంపుండ్రి సార్, పుణ్యముంటది." ఫోన్ పెట్టేశాక కోచ్ దగ్గరికి పరిగెత్తాను. భూకంపం వచ్చినా సారయ్యని బయటికి తీయొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఆఖరి మ్యాచ్ రోజు కలకత్తా ఆయన గొడుగు వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు. సారయ్య మొదటి సగంలో ఒక గోలు, రెండో సగంలో ఒకటి కొట్టాడు. రెండోదానికి ఆ పెద్దమనిషి గొడుగు వదిలేసి లేచి నిలబడ్డాడు. కాగితాలు జేబులోనే ఉన్నాయని, ఆట అవగానే సంతకమేనని నాతో అన్నాడు. ఆనందం పట్టలేకపోయాను.

డెబ్బయ్యో నిమిషం నుంచి సారయ్య పదే పదే మా బెంచి వైపు చూడటం మొదలెట్టాడు. అక్కడ మహేశ్ బూట్ల లేసులు కట్టుకుని, విప్పి, మళ్లీ కట్టుకుంటున్నాడు. కోచ్ అలిసిపోయిన ఇద్దర్ని మార్చాడు గానీ మహేశ్ జోలికి పోలేదు. ఎనభై. ఎనభై మూడు. సారయ్య మళ్లీ చూశాడు. ఎనభై ఆరో నిమిషంలో, చుట్టుపక్కల ఎవరూ లేనిచోట, ఎవరూ ముట్టుకోకుండా, మోకాలు పట్టుకుని పడిపోయాడు.

"ఇగ అయిపాయె!" అన్న కేక కలకత్తా దాకా వినబడి ఉంటుంది.

మహేశ్ లోపలికి వెళ్లాడు. కలకత్తా ఆయన గొడుగు ముడిచి, "ఈ మోకాలు మాకొద్దు బాబూ" అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు.

"నీ మోకాలు తగలెయ్య! నాలుగు నిమిషాలయ్యా! నాలుగు నిమిషాలు ఓర్చుకోలేకపోయావా?" అని అందరి ముందూ అరిచేశాను. సారయ్య తల దించుకున్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

రెండ్రోజుల తర్వాత పది మ్యాచ్‌లు ఆడినవాళ్ల జాబితా తయారు చెయ్యాల్సొచ్చింది. పాత మ్యాచ్ షీట్లు ముందేసుకున్నాను. మహేశ్‌కి సరిగ్గా పది. మధ్యలో ఆటలమ్మ పోసి నాలుగు మ్యాచ్‌లు పోబట్టి పదోది ఆఖరి రోజు దాకా వచ్చింది. పదింటికి పదీ 'సారయ్యకు బదులు'. ఎందుకో అనుమానం వచ్చి వెనకటి ఏడాదివి తీశాను. అప్పటి అదనపువాడికీ పదే. ఆ పదీ నిండాక సారయ్య మోకాలికి ఏ రోగమూ లేదు. ఆ ముందేడూ అంతే. ఆరేళ్లు, ఆరుగురు మనుషులు. ఐదుగురు ఇప్పటికే మా ఆఫీసులో పర్మినెంటుగా కూర్చుని ఉన్నారు. ఆ అరవై పేర్లూ నా చేత్తో నేను టైపు చేసినవే. ఒక్కనాడూ చదివి చూసిన పాపాన పోలేదు.

సారయ్యని టపాల సెక్షన్‌లో పట్టుకున్నాను. కవర్లకి జిగురు రాస్తున్నాడు.

"మహేశ్ సంగతి కోచ్‌తోనో నాతోనో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అడిగి ఆడిపిస్తె బిచ్చమైతది సార్. మోకాలు పోతె ఆటయితది. మహేశ్ పిల్లలు బడిల చెప్పుకుంటరు, మా నాయిన సారయ్య జాగల ఆడిండని."

"మరి నీ కలకత్తా?"

జిగురు పుల్ల పక్కన పెట్టాడు. "పోవాలనుండె సార్. మస్తుండె. ఎనభై ఆరు దాక చూసిన, కోచ్ ఆన్ని దింపుతడేమో అని." మళ్లీ పుల్ల అందుకున్నాడు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ అతని ముందు బయటపడకుండా కవర్లు అంటించడంలో సాయం చేశాను.

వారం తిరక్కుండా సిబ్బంది విభాగం నుంచి మెమో వచ్చింది. 'మహేశ్ పదవ మ్యాచ్ నాలుగు నిమిషములు మాత్రమే. మార్పిడి అవసరమైన గాయము నిజమేనా? అయినచో ఏ మోకాలో మేనేజర్ స్పష్టము చేయవలెను.'

మెమో తీసుకుని సారయ్య దగ్గరికి పరిగెత్తాను.

"ఏ మోకాలని రాయనయ్యా?"

"కుడిది రాయుండ్రి సార్." కాళ్ల వంక చూసుకున్నాడు. "ఆగుండ్రి. ఎడమదేమో. ఆ దినం ఏది పట్టుకున్ననో యాది లేదు."

వరండాలోకి వెళ్లి నా పాత మిషన్ మీది దుమ్ము దులిపాను. కాగితం ఎక్కించి, తేదీ వేసి, 'రెండూ' అని కొట్టాను. 'ఇక కోలుకునే ఆశ లేదు' అని కింద ఇంకో వాక్యం కూడా చేర్చాను. మహేశ్‌కి ఉగాది ముందు రోజు ఆర్డరు చేతికొచ్చింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను కొట్టిన అబద్ధపు కాగితం అదొక్కటే. ఒక్క అక్షరం దిద్దే పని లేకుండా వచ్చింది.